నువ్వుగింజకు దిష్టి

ఆ వార్డులోకి ఎవరు వచ్చినా ముందు పిల్లల చెయ్యి చూసేవారు, ఆ తర్వాతే ముఖం. డాక్టర్లంతే, నర్సులంతే, ఊళ్ళ నుంచి బత్తాయిలు పట్టుకొచ్చే చుట్టాలూ అంతే. నేల తుడవడానికి వచ్చే ఆయా కూడా ప్రతి మంచం దగ్గరా ఆగి, పిల్లల మణికట్ల వంక ఓ చూపు చూసి గానీ గుడ్డ తడిపేది కాదు.

మణికట్టుకి వెడల్పాటి పట్టీ, పట్టీ మీద చిన్న దీపం. ఆకుపచ్చగా ఉంటే పిల్ల క్షేమం. పసుపు రంగుకి తిరిగితే డాక్టరుకి కబురు. ఎర్రగా మారితే పరుగు. పట్టీ కింద, చర్మం లోపల, నువ్వుగింజంత పూస ఒకటి ఉంటుంది. అసలు పని దానిదే. దానికి పెట్టిన శాస్త్రీయ నామం పలకాలంటే నోరు తిరగదు. అందుకని విశాఖపట్నంలో కొండ మీదున్న ఆ పిల్లల కాన్సర్ ఆసుపత్రిలో అందరూ దాన్ని గింజ అనే అనేవారు.

గింజను తయారు చేసింది హైమవతి. ఆసుపత్రి వెనకవైపు లాబొరేటరీలో రక్తం మీద పరిశోధన చేసే మనిషి. కాన్సర్ పిల్లలకి మందు ఎక్కిస్తే రోగపు కణాలతో పాటు ఒంటిని కాచే తెల్లకణాలు కూడా పోతాయి. ఆ రోజుల్లో ఏ క్రిమి లోపల పడినా చెప్పే దిక్కుండదు. వాపు రాదు, చీము పట్టదు. జ్వరం ఒక్కటే కబురు, ఆ కబురూ ఆలస్యంగా అందుతుంది. స్టెరాయిడ్ మందులు వాడుతున్న పిల్లలకైతే ఒక్కోసారి జ్వరం కూడా రాదు. కాన్సర్ మీద గెలుస్తూ గెలుస్తూ, మధ్యలో ఏదో మామూలు క్రిమికి చిక్కి పోయే పిల్లల్ని హైమవతి చాలామందిని చూసింది. వాళ్ళ రక్తం సీసాలు ఆమె ఫ్రిజ్‌లోనే ఉండేవి, పిల్లలు ఉండేవారు కాదు.

క్రిమి రక్తంలోకి దిగితే ఒంట్లో ఒక ప్రోటీన్ పెరుగుతుంది, జ్వరం కంటే ఒక పూట ముందే. ఆ ప్రోటీన్ తగిలితే గింజ మెరుస్తుంది. ఆ మెరుపు చర్మం గుండా పట్టీ అడుగున ఉన్న అద్దానికి కనిపిస్తుంది. అంతే సంగతి. చెప్పుకుంటే ఇంతే గానీ, దానికోసం హైమవతి జుట్టు నెరిసింది. గింజ వచ్చాక రోజూ సూదులు గుచ్చి రక్తం తియ్యడం తగ్గింది. ఇన్‌ఫెక్షన్‌తో పోయే పిల్లలు లేకుండా పోయారు. వార్డు డాక్టరు ఇమ్మానుయేల్ గుంటూరు మనిషి, మాటకారి. నోట్లో నువ్వుగింజ నానదని ఊరికే అనలేదండీ, ఈ గింజ ఒంట్లో రహస్యం ఒక్క పూట దాచుకోలేదు అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేవాడు.

అయితే మొదట చేసిన గింజ ఇలా ఉండేది కాదు. అది తిరగేసి ఉండేది. పిల్ల క్షేమంగా ఉన్నంతసేపూ మెరిసేది, ప్రమాదం వస్తే ఆరిపోయేది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, పట్టీ పక్కకి జరిగినా, చెమట పట్టినా, పిల్లలు చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా మెరుపు అందక గంట మోగేది. రోజంతా ఒకటే మోత. తల్లులు గుండెలు పట్టుకుని లేచేవారు. నర్సులు గంటలో దూది కుక్కేశారు. ఒకరోజు ఇమ్మానుయేల్ లాబొరేటరీకి వచ్చి కూర్చున్నాడు.

"మీ గింజ ఊరికే ఏడుస్తోంది మేడమ్. ఊరికే ఏడ్చే పిల్లని ఎవరూ ఎత్తుకోరు" అన్నాడు.

ఆ మాట హైమవతికి నచ్చింది. గింజని తిరగేసింది. ఇక మీదట గింజ మెరిస్తే ప్రమాదం, చీకటిగా ఉంటే క్షేమం, పట్టీ మీద పచ్చదీపం. వార్డులో మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అందరూ ఆమెకి చేతులెత్తి దణ్ణం పెట్టారు, ఆమె కూడా మనసులో తనకి తనే ఒక దణ్ణం పెట్టుకుంది.

జోషిత రాజాం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. రెండో తరగతి పిల్ల. తండ్రి పైడిరాజు జూట్ మిల్లులో పని, సెలవు దొరికిన రోజు వచ్చి వెళ్ళేవాడు. తల్లి వరహాలమ్మ ఆసుపత్రి ఎదురుగా ఉన్న సత్రంలో వండుకుంటూ, మిగతా పొద్దంతా పిల్ల మంచం దగ్గరే ఉండేది. రక్తకాన్సర్. మందు బాగానే పని చేస్తోంది. ఈ విడత గట్టెక్కితే పిల్ల దక్కినట్టేనని డాక్టరు మాట ఇచ్చాడు, ఆ మాట మీదే వరహాలమ్మ కూడూ నీళ్ళూ.

జోషితకి ఒక అలవాటు ఉండేది. తన మంచం మీద ఎవరు కూర్చోవాలన్నా ముందు మణికట్టు చూపించాలి. గింజ లేనివాళ్ళని అనుమానంగా చూసేది. ఒకరోజు హైమవతి పట్టీలు సరిచూడడానికి వార్డుకి వచ్చి, అలవాటు తెలియక మంచం అంచున కూర్చుంది. పిల్ల ఆమె రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది.

"నీకు గింజ నేదు కదా. మరి నువ్వు బాగున్నావని ఎలగ తెలుస్తాది?"

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి చెప్పేది అంది హైమవతి. పిల్ల కాసేపు ఆలోచించి, "అంతేనా" అంది, పెద్ద జాలితో. హైమవతి లాబొరేటరీకి వెళ్ళి ఈ ముచ్చట అందరికీ చెప్పి నవ్వింది. చాలా రోజులు చెప్పుకుంది.

జోషిత దీపం ఎప్పుడూ పచ్చగానే ఉండేది. చుట్టూ మంచాల్లో పిల్లలకి పసుపు, ఎరుపు తిరుగుతూ ఉండేవి, మందులు ఎక్కేవి, మళ్ళీ పచ్చగా అయ్యేవి. ఈ పిల్ల దగ్గరకి వచ్చేసరికి డాక్టరు కూడా నవ్వు ముఖం పెట్టేవాడు. పక్క మంచం పిల్లాడికి ఎర్రదీపం వెలిగి ఐసీయూకి తీసుకుపోతున్న రోజున, వాడి తల్లి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. "ఏటి నోము నోసినావో గానీ అప్పా, నీ గుంటకి ఎప్పుడూ పచ్చే" అంది. చెడ్డగా అనలేదు పాపం. ఏడుస్తూ అన్నది. కానీ వరహాలమ్మ గబుక్కున కూతురి చేతి మీద కొంగు కప్పింది.

ఎవరి కళ్ళు ఎలాంటివో ఎవరికి తెలుసు. ఊళ్ళో అయితే బాగున్న పిల్లకి బుగ్గన ఒక చుక్క, పచ్చగా ఉన్న తోటకి ఒక దిష్టిబొమ్మ. ఇక్కడ వచ్చినవాడల్లా నా పిల్ల చేతి మీద పచ్చదీపం వంకే చూస్తున్నాడు, దానికి ఏ అడ్డూ లేదు. బుగ్గన పెడదామంటే మాస్కు. పైగా ఇదివరకోసారి పెడితే సిస్టర్ సుగుణ చీవాట్లు పెట్టి తుడిచేసింది, నేనేమైనా చంటిపిల్లనా అని జోషిత కూడా ముఖం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్న తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడిచేటప్పుడు పట్టీ తీసింది. కొంగు ముడిలోంచి కాటుక భరిణె తీసింది. అది వాళ్ళ అత్త పట్టిన కాటుక. మనవరాలు పట్నం ఆసుపత్రికి వెళ్తోందని ముసలావిడ గుంటగలగరాకు పసరులో గుడ్డ నానబెట్టి, ఎండబెట్టి, వత్తి చేసి ఆముదంలో వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టింది. వరహాలమ్మ ఉంగరం వేలితో కాటుక తీసుకుని, గింజ ఉన్నచోటే, అందరూ చూసే ఆ దీపం కిందే, గుండ్రంగా ఒక చుక్క పెట్టింది. పైన పట్టీ బిగించింది. ఎవరికీ కనపడదు. దీపం పచ్చగా వెలిగింది. ఆమెకి ప్రాణం కుదుటపడింది. ఆ పైన ఒళ్ళు తుడిచిన ప్రతిసారీ మరిచిపోకుండా పెట్టింది.

రేగుపళ్ళ రోజులు. సెలవు మీద వచ్చిన పైడిరాజు జేబులో కాసిని రేగుపళ్ళు ఉన్నాయి. ఇలాంటివి పెట్టకూడదని వరహాలమ్మకి తెలుసు. పిల్ల ఏడ్చింది. ఒక్కటి, వేడినీళ్ళతో కడిగి కడిగి, టెంక తీసి పెట్టింది. ఆ ముక్క చప్పరిస్తూ జోషిత కళ్ళు మూసుకుంది.

రెండు రోజుల తర్వాత జోషిత ముద్ద ముట్టలేదు. తినకపోవడం కొత్త కాదు, మందు పడితే పిల్లలు తినరు. కానీ రక్తం తియ్యడానికి వచ్చిన కుర్రవాడు మంచం మీద కూర్చుంటే, జోషిత వాడి చెయ్యి చూడలేదు. వరహాలమ్మకి అది పట్టింది. పిల్ల కళ్ళు తెరిచే ఉంది గానీ ఎటో చూస్తోంది. ఆమె వెళ్ళి సిస్టర్ సుగుణకి చెప్పింది. సుగుణ వచ్చి చెయ్యి చూసింది. పచ్చ. జ్వరం చూసింది. లేదు. కీమో నీరసం, కాస్త పంచదార నీళ్ళు పట్టించమని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ చెప్పింది. ఇమ్మానుయేల్ వచ్చాడు. మంచం కాళ్ళవైపు నిలబడి మణికట్టు చూశాడు. పచ్చ. వెనకాల ఇంకో మంచం దగ్గర ఎర్రదీపం పిలుస్తోంది. సాయంత్రం మళ్ళీ చూస్తానన్నాడు.

"ఒళ్ళు సల్లగానే ఉంది బాబూ. కానీ నా గుంట నా గుంటలాగ నేదు" అంది వరహాలమ్మ.

ఆ మాట ఆయన విన్నాడు. తల కూడా ఊపాడు. గింజ ఉండగా ఈ తల్లులకి ఎందుకింత బెంగ అనుకుంటూ ఎర్రదీపం వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి చెయ్యి పట్టుకునేసరికి ఆ చెయ్యి మంచులా ఉంది, నాడి దారంలా కదులుతోంది. ఐసీయూకి తీసుకుపోయారు. ఉన్న మందులన్నీ ఎక్కించారు. అవన్నీ పొద్దున్నే ఎక్కాల్సిన మందులు. మర్నాడు పొద్దెక్కేసరికి జోషిత పోయింది. పోయేదాకా చేతి మీద దీపం పచ్చగానే ఉంది.

పైడిరాజు పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. బండి ఎక్కేదాకా వరహాలమ్మ పిల్ల నుదుటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

పట్టీ లాబొరేటరీకి వచ్చింది. ముందురోజు ఉదయం ఆ కుర్రవాడు తీసిన రక్తం ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. హైమవతి పరీక్ష చేసింది. ప్రోటీన్ ఎంత ఉండాలో దానికి ఎన్నో రెట్లు ఉంది. అంటే గింజ లోపల మండిపోతూ ఉండాలి. మరి పట్టీ ఎందుకు చూడలేదు? బ్యాటరీ బాగుంది. దీపం బాగుంది. అప్పుడు పట్టీ తిరగేసింది. అడుగున అద్దం మీద నల్లటి మరక. ఎండిన రక్తమేమో అనుకుని వేలితో రాస్తే జిడ్డుగా తగిలింది. వాసన చూస్తే ఆముదం, చల్లారిన వత్తి.

ఆ వాసన ఆమెకి తెలుసు. అనకాపల్లిలో అమ్మమ్మ ఒళ్ళో కూర్చున్నప్పుడు, కళ్ళు గట్టిగా మూసుకుని, వద్దు వద్దని కాళ్ళు తన్నుకునే వేళ వచ్చే వాసన అది. ఇంక పరీక్ష అక్కర్లేదు. అయినా చేసింది. చర్మంలా చేసిన జెల్లీ ముక్కలో గింజ పెట్టి, ప్రోటీన్ తగిలించి, పైన పట్టీ ఆనించింది. ఎరుపు. పైన కాటుక రాసింది. పచ్చ. తుడిచింది. ఎరుపు. మళ్ళీ రాసింది. పచ్చ. లోపల గింజ మండుతూనే ఉంది, పైన పట్టీ అంతా క్షేమం అంటూనే ఉంది.

ఆమెను అసలు కుంగదీసింది ఇది కాదు. పాత గింజే ఉండి ఉంటే, కాటుక పెట్టిన క్షణానే మెరుపు అందక గంట మోగేది. సుగుణ పరుగెత్తుకొచ్చి పట్టీ తీసి చూసేది. వరహాలమ్మ నాలుగు చీవాట్లు తినేది. అక్కడితో పోయేది. చీకటిని క్షేమం అని మార్చింది తను. ఆ మార్పు చేసినప్పుడు చెమట గురించి, దుప్పటి గురించి, ఎండ గురించి ఆలోచించింది. ఆలోచించనిది ఒక్కటే, ఈ దేశంలో అందరూ కళ్ళప్పగించి చూసే వస్తువుకి తల్లి ఏం చేస్తుందని. అది తెలుసుకోవడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. బుగ్గన చుక్కతో ఉన్న తన పాత ఫోటో ఒకటి చూసుకున్నా సరిపోయేది.

ఇమ్మానుయేల్‌ని పిలిచి చూపించింది. ఆయన రెండుసార్లు తనే కాటుక రాసి, తుడిచి చూశాడు. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు ఆయన నోట ఛలోక్తి రాలేదు.

"తల్లి చెప్పిందండీ నాకు. చెప్పింది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంటే నాడి తెలిసేది. నేను దీపం చూశాను" అన్నాడు.

అప్పుడే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చి లేచారు. వార్డుకి వెళ్ళి ఒక్కొక్క పిల్ల పట్టీ విప్పించారు. చాలామంది చేతులు శుభ్రంగా ఉన్నాయి. కొందరి చేతుల మీద, పట్టీ కింద, గుండ్రంగా నల్లగా చుక్కలు ఉన్నాయి. తల్లులు ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టుకున్నవి. కిటికీ పక్క మంచంలో ఉన్న ఒక పిల్లకి చుక్క తుడిచిన వెంటనే ఎర్రదీపం వెలిగింది. ఆ పిల్లకి అప్పటికప్పుడు మందు ఎక్కించారు. ఆ పిల్ల బతికింది. ఇది కూడా చెప్పుకోవాలి.

నర్సులకి పని అప్పజెప్పారు. పట్టీ కింద కాటుక పెట్టొద్దని, పెడితే గింజకి కళ్ళు కనపడవని ప్రతి తల్లికీ రోజూ చెప్పాలి, రోజూ విప్పి చూడాలి. కప్పినా కనిపెట్టగలిగే కొత్త పట్టీ తయారు కావడానికి నెలలు పడుతుంది. ఏ పిల్ల వల్ల ఇది తెలిసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వరహాలమ్మకి చెప్పొద్దు, చెబితే ఆ తల్లి బతకదు, పోయిన పిల్ల ఎలాగూ రాదు అన్నాడు ఇమ్మానుయేల్. హైమవతి సరేనంది. అది జాలి అని ఇద్దరూ అనుకున్నారు. అందులో కొంత భయం కూడా ఉంది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వరహాలమ్మ తనంతట తనే వచ్చింది. లాబొరేటరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. మనిషి సగమైంది. చేతిలో సంచి. అందులో జోషిత ఊలు టోపీలు, విప్పని మాస్కుల కట్ట. ఇవి ఎవరి పిల్లకైనా పనికొస్తాయని తెచ్చానంది. హైమవతి లోపలికి తీసుకెళ్ళి, తలుపు పక్కన ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. అసలు వచ్చిన పని టోపీలు కాదని హైమవతికి అర్థమైంది.

"నాను రేగుపండు ఎట్టినాను మేడమ్" అంది చివరికి. "ఒక్కటే. కడిగే ఎట్టినాను. ఆ పండే పిల్లని తినేసిందని మా అత్త అంతాది. ఊరంతా అదే అంతన్నారు. మా ఆయన అనడు, గానీ నాతో మాటాడ్డు. నిజం సెప్పండి. ఆ పండేనా?"

"కాదు. రేగుపండు కాదమ్మా" అంది హైమవతి వెంటనే. ఒక్క క్షణం ఆమెకి హాయిగా కూడా అనిపించింది, నిజం చెప్పడం ఇంత తేలికగా ఉన్నందుకు. ఆ క్రిమి బయట నుంచి రాలేదని, మనందరి పేగుల్లోనూ ఉండేదేనని, ఒంట్లో కాపు లేనప్పుడు రక్తంలోకి దిగుతుందని, నువ్వు ఏం పెట్టినా పెట్టకపోయినా వచ్చేదేనని వివరంగా చెప్పింది.

వరహాలమ్మ ప్రతి మాటా విన్నది. గ్లాసు కింద పెట్టింది.

"మరి గింజ ఎందుకు సెప్పనేదు? అందరి పిల్లలకీ సెప్పినాది కదా."

హైమవతి దగ్గర దీనికి జవాబు సిద్ధంగానే ఉంది. యంత్రం అన్నాక ఒక్కోసారి చెడిపోతుంది అని చెప్పాలి. ఆమె నోరు తెరిచింది. ఇంతలో సిస్టర్ సుగుణ దూది గిన్నె పట్టుకుని విసురుగా తలుపు తోసుకుని వచ్చింది. తలుపు చాటున కూర్చున్న మనిషిని చూడలేదు.

"ఆ కొత్తగా వచ్చిన తల్లి మళ్ళీ పట్టీ కింద కాటుక పెట్టింది మేడమ్. దీపానికి దిష్టి తగులుతుందంట. కాటుక పెడితే గింజకి కళ్ళు కనపడవమ్మా అని ఎంత చెప్పినా వినదు. మీరే వచ్చి చెప్పండి."

హైమవతి ముఖం చూసి సుగుణ ఆగింది. పక్కకి తిరిగింది. వరహాలమ్మని చూసి, గిన్నె గుండెకి హత్తుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

వరహాలమ్మ ఏడవలేదు. కుడిచేతి ఉంగరం వేలు వంక చూసుకుంది. ఎడమచేత్తో ఆ వేలిని గట్టిగా పట్టుకుంది, విరిచేస్తుందేమో అన్నంత గట్టిగా. హైమవతి కుర్చీ దిగి నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇంక దాచడానికి ఏమీ లేదు. మెరుపు కనపడకపోతే క్షేమం అనుకునేలా గింజని చేసింది నేను, ఇంతకు ముందున్న గింజ అయితే అరిచేది, ఆ అరుపు మేము భరించలేక నోరు నొక్కేశాం అని చెప్పింది.

"నా చిన్నప్పుడు నాకూ పెట్టారమ్మా దిష్టి చుక్క. ప్రతి తల్లీ పెడుతుంది. అది నాకు గుర్తు రాకపోవడమే తప్పు. ఒక్క తల్లిని కూడా అడగకుండా పిల్లలకి తగిలించాను. నువ్వు డాక్టరుకి చెప్పావు, సిస్టరుకి చెప్పావు. ఆ రోజు ఈ ఆసుపత్రిలో పిల్లని చూసింది నువ్వొక్కదానివే."

ఆ మాటలు వరహాలమ్మకి చేరాయో లేదో తెలియదు. "పచ్చగా ఉంది కదాని ఎట్టినాను" అంది, ఎవరితోనో అన్నట్టు. "పచ్చగా ఉండాలనే ఎట్టినాను." అప్పుడు ఏడ్చింది. గొంతు పైకి రాకుండా, భుజాలు మాత్రమే కదులుతూ ఏడ్చింది. హైమవతి కూడా ఏడ్చింది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఊరడించలేదు.

చాలాసేపటికి వరహాలమ్మ ముఖం తుడుచుకుంది. ఆమెకి ఏం కావాలన్నా చేస్తానంది హైమవతి. మీ ఊరు వస్తాను, రేగుపండు కాదని మీ అత్తకి, మీ ఆయనకి, ఊరందరికీ నేనే చెప్తాను అంది. వరహాలమ్మ అడ్డంగా తలూపింది.

"వొద్దు మేడమ్. పండు కాదంటే మరేటని అడుగుతాది. ఆ కాటుక పట్టింది మా అత్తే. ముసిల్ది, మనవరాలంటే పేనం. రేగుపండే అనుకోనీండి."

"మరి నువ్వో?"

"నాను పడతాను" అంది వరహాలమ్మ, సంచి తీసుకుని లేస్తూ.

ఆమె బయటికి పోతుందనుకుంది హైమవతి. కానీ ఆమె వరండా తిరిగి వార్డు వైపు నడిచింది. పిల్ల పడుకున్న మంచం చూసి ఏం చేస్తుందో, పట్టీలన్నీ తెంపి పారేస్తుందేమో, పారేసినా అడ్డుపడడానికి తనకి ముఖం ఎక్కడుంది అనుకుంటూ హైమవతి వెనకాలే వెళ్ళింది. వరహాలమ్మ జోషిత మంచం దగ్గర ఆగలేదు. ఆ చివర, కొత్తగా వచ్చిన తల్లి మంచం దగ్గరకి వెళ్ళింది. ఆ తల్లి వయసు కూడా ఎంతో ఉండదు. రెండేళ్ళ కొడుకుని ఒళ్ళో పెట్టుకుని, వాడి మణికట్టు గుప్పిట్లో దాచుకుని, ఎవరైనా వస్తే కరిచేలా చూస్తోంది. మంచం పక్కన చుక్క తుడిచిన నల్లటి దూది పడి ఉంది. చుక్క మళ్ళీ ఎప్పుడు పెడదామా అని కాటుక భరిణె రొంటినే ఉంది.

వరహాలమ్మ సంచి మంచం మీద పెట్టి, కాళ్ళవైపు కూర్చుంది. చెయ్యి చాపింది.

"నర్సుని కాదు నాను. నీలాగే తల్లిని. ఇలగియ్యి అప్పా."

ఆ తల్లి హైమవతి వంక చూసింది, వరహాలమ్మ వంక చూసింది, భరిణె తీసి ఇచ్చింది. వరహాలమ్మ మూత తీసింది. తీసి కాసేపు ఊరికే పట్టుకుంది, ఆ వాసన ముక్కుకి తగిలినంతసేపూ. తర్వాత ఉంగరం వేలితో కాటుక తీసింది. పిల్లాడి కాలు తన ఒళ్ళోకి లాక్కుని, అరికాలి మధ్యలో గుండ్రంగా చుక్క పెట్టింది. చక్కిలిగిలికి వాడు కాలు తన్నుకున్నాడు.

"సేతికి వొద్దు. సెయ్యి డాక్టర్లకి ఒగ్గెయ్యి. దిష్టికి అరికాలే మంచిది" అంది.

"పని సేస్తాదా?" అంది ఆ తల్లి.

"సేస్తాది."

ఆ తల్లి గుప్పిలి వదిలింది. పిల్లాడి మణికట్టు శుభ్రంగా ఉంది. సుగుణ వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా పట్టీ కట్టి వెళ్ళింది. దీపం వెలిగింది, పచ్చగా. హైమవతి కళ్ళు అలవాటుగా దాని మీదకే పోయాయి.

వరహాలమ్మ దాని వంక చూడలేదు. పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, వాడి ముఖమే చూస్తూ కూర్చుంది.